మస్టర్‌లో లేని కొలువు

1909 మే నెలలో స్కాట్లండ్‌లోని బెల్స్‌హిల్ దగ్గర, ఒర్బిస్టన్ అనే గనికార్మికుల వాడలో మాట్ బజ్బీ పుట్టారు. మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 17న, నిజాం ఏలుబడిలోని హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టారు. బజ్బీ చిన్న వయసులోనే బొగ్గుబాయిలో పనికి దిగారు. అక్కడి నుంచి ఆటగాడై, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మాంచెస్టర్ యునైటెడ్ జట్టుకు మేనేజరై, 1968లో దానికి యూరోపియన్ కప్పు తెచ్చిపెట్టారు. రహీం బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, పదమూడేళ్లపాటు హైదరాబాద్ పోలీసు జట్టుకు, ఆ కాలంలోనే పలుమార్లు భారత జట్టుకు కోచ్‌గా ఉండి, 1951లోనూ 1962లోనూ దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం సాధించిపెట్టారు. ఈ రెండు జీవితాలను సింగరేణి బొగ్గు ఊరైన గోదావరిఖనిలో నిలబడి చూసేవారికి ఒక సందేహం రాక తప్పదు. అక్కడ బొగ్గుబాయి నుంచి కోచ్ వచ్చాడు. ఇక్కడ అదే తెలుగు నేలలో, అదే ప్రభుత్వ ఏలుబడిలో అంత పెద్ద బొగ్గుబెల్టు ఉండగా, కోచ్ మాత్రం నగరంలోని తరగతి గది నుంచి వచ్చాడు. ఎందుకని?

బొగ్గు ఊళ్లకూ ఫుట్‌బాల్‌కూ చుట్టరికం పాతది. లివర్‌పూల్ జట్టును నిలబెట్టిన బిల్ షాంక్లీ 1913లో ఎయిర్‌షైర్‌లోని గ్లెన్‌బక్ అనే చిన్న గని పల్లెలో పుట్టి, పద్నాలుగేళ్లకే బడి మాని బాయి పనికి కుదిరారు. 1967లో సెల్టిక్ చేత యూరోపియన్ కప్పు గెలిపించిన జాక్ స్టీన్ అంతకుముందు పదేళ్లకు పైగా గనిలో చెమటోడ్చినవారే. జర్మనీలో షాల్కె జట్టుకు అభిమానులు పెట్టుకున్న ముద్దుపేరు ‘గనివాళ్లు’. ఉక్రెయిన్‌లో 1936లో పుట్టిన దొనెత్స్క్ జట్టు పేరు ‘షాఖ్తార్’కు అర్థమే గనికార్మికుడు. చీకట్లో ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో పెట్టి పనిచేసే అలవాటు మైదానంలో జట్టుతనంగా మారుతుందని చాలామంది రాశారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ అలవాటు సింగరేణి కార్మికుడికి తక్కువేమీ కాదు. బాయిలో కప్పు కూలితే పక్కవాడికోసం వెనక్కి పరుగెత్తిన మనుషులు ఇక్కడా ఉన్నారు. అందువల్ల జట్టుతనం ఒక్కటే కోచ్‌ను పుట్టిస్తుందనే వివరణ మన దగ్గరికి వచ్చేసరికి చాలడం లేదు. కారణం ఇంకెక్కడో వెతకాలి. దాన్ని వెతకడానికి బొగ్గుబాయి దగ్గరి మాటలే పనికొస్తాయి.

బాయి దగ్గర ఒక మనిషికి కొలువుంది అంటే మూడు సంగతులు స్థిరపడ్డాయని అర్థం. మొదటిది, మస్టర్‌లో పేరు. ఆ పేరును బట్టే జీతం వస్తుంది. రెండోది, షిఫ్టు. ఏ వేళకు ఎక్కడ ఉండాలో, ఎవరితో కలిసి పనిచేయాలో అది చెబుతుంది. మూడోది, పై మెట్టు. ఇవాళ తట్టా చెమ్మస్ పట్టినవాడు పరీక్ష రాసి సర్దార్ కావచ్చు, ఆ తర్వాత ఓవర్‌మెన్ కావచ్చు. అతను దిగిపోతే ఆ స్థానంలోకి ఇంకొకరు వస్తారు. ఆటకు శిక్షణ ఇవ్వడం కూడా ఈ మూడూ కుదిరిన చోటనే వృత్తిగా నిలబడిందని, కుదరని చోట ఒక మనిషి ఇష్టంగానో సేవగానో మిగిలిపోయి ఆయనతోనే ముగిసిపోయిందని చరిత్ర చెబుతోంది. రహీం జీవితం, అమెరికా కళాశాలల కోచ్‌ల జీవితం, సింగరేణి మైదానాల సంగతి పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, ఆ రోజుల్లోనే ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. చదువయ్యాక కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేసి, బడిలో ఆటల బాధ్యత కూడా చేపట్టారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టు పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. ఆ జట్టును అంతకుముందు తీర్చిదిద్దిన నార్బర్ట్ ఆండ్రూ ఫ్రువాల్ స్థానంలోకి రహీం వచ్చారన్నది గమనించదగ్గ విషయం. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కే మెట్టు ఒకటి అప్పటికే అక్కడ ఉంది. ఆటగాళ్లకు పోలీసు శాఖలో ఉద్యోగాలున్నాయి. పొద్దున ఏ వేళకు మైదానంలో ఉండాలో శాఖే చెబుతుంది. అలా కొలువుకు కావలసిన మూడూ ఒకచోట కూడాయి. ఫలితం వెంటనే కనిపించింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్ పోలీసుదే. 1950లో డ్యూరాండ్ కప్పు కూడా మోహన్‌బగాన్‌ను ఓడించి గెలిచారు. కలకత్తా జట్లే ఏలుతున్న భారత ఫుట్‌బాల్‌లో దక్కన్ నుంచి ఒక పోలీసు జట్టు అలా పీఠం వేసుకుని కూర్చుంది.

కోచ్‌గా రహీం చేసిన పని చూస్తే, అది ఎంత తీరిక కోరే పనో అర్థమవుతుంది. బంతిని కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ పోవడం ఆ రోజుల్లో గొప్ప విద్య. దాన్ని మాన్పించడానికి ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. కుడికాలి వాటం ఆటగాళ్లకు ఎడమకాలు అలవాటు చేయడానికి వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు నడిపారు. ఎత్తు తక్కువ ఉన్న పిల్లలు పెద్దవాళ్ల మధ్య నలిగిపోకుండా ఎత్తును బట్టి వేరే పోటీలు ఏర్పాటు చేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్‌లో ఉన్న ఇంగ్లిష్ కోచ్ బర్ట్ ఫ్లాట్లీ దగ్గర నేర్చుకున్నదాన్ని తన బడిపిల్లల మీద, తన సంఘం లీగుల మీద ఏళ్ల తరబడి పరీక్షించి పదును పెట్టుకున్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ అనే పేద కుర్రాడికి సైకిలు అద్దెకు డబ్బులిచ్చి ప్రాక్టీసుకు రప్పించారు. ఆ బలరామే తర్వాత మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లోనూ జకార్తా ఆసియా క్రీడల్లోనూ భారత జట్టుకు ఆడారు. ఇవేవీ ఒక టోర్నమెంటుకు పది రోజుల ముందు క్యాంపు పెట్టి చేయగలిగిన పనులు కావు. లీగు చేతిలో ఉండాలి, పిల్లలు చేతిలో ఉండాలి, వచ్చే ఏడాది కూడా తానే ఇక్కడ ఉంటానన్న నమ్మకం ఉండాలి. హైదరాబాద్‌లో రహీంకు ఆ నమ్మకం ఉంది.

ఢిల్లీ స్థాయిలో మాత్రం ఆ నమ్మకం లేదు. జాతీయ జట్టు కోచ్ పదవి అప్పట్లో కొలువు కాదు, పిలుపు. టోర్నమెంటు వస్తే పిలుస్తారు, అయిపోతే ఎవరి ఊరికి వారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ గోలుతో ఇరాన్‌ను 1-0తో ఓడించినప్పుడు రహీం కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1తో చిత్తయి, ఉత్తకాళ్ల ఆటకు కాలం చెల్లిందని తెలిసొచ్చినప్పుడూ ఆయనే కోచ్. కానీ 1954 మనీలా ఆసియా క్రీడలకు, 1958 టోక్యో ఆసియా క్రీడలకు కోచ్‌లు వేరేవారు. మనీలాలో జట్టు తొలి దశలోనే ఇంటిదారి పట్టింది. టోక్యోలో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ రెంటికీ నడుమ 1956లో మెల్‌బోర్న్‌కు మళ్లీ రహీం వెళ్లారు. అక్కడ నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది. 1962 జకార్తాలో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద, ఫైనల్లో దక్షిణ కొరియా మీద అతనూ ఒక్కో గోలు కొట్టాడు. ఫైనల్ 2-1తో మనది. ఫలితాలన్నిటికీ కోచ్ ఒక్కడే కారణమని ఎవరూ అనరు. కానీ ఒకే తరం ఆటగాళ్లు నాలుగేళ్లకోసారి ఇంతగా లేస్తూ పడుతూ ఉంటే, తెగుతూ అతుకుతూ సాగిన శిక్షణకు అందులో వాటా లేదనడం కష్టం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. జాతీయ జట్టులో కొలువు లేకుండానే రహీం అంత సాధించారు కదా, అంటే ప్రతిభే అసలు సంగతి, పదవి కాదు కదా అని. సాధించినదాన్ని మాత్రమే చూస్తే ఈ వాదన నిలుస్తుంది. మిగిలినదాన్ని చూస్తే నిలవదు. పాటియాలాలో జాతీయ క్రీడా శిక్షణ సంస్థ 1961లో మొదలైంది. జకార్తా గెలుపు తర్వాత ఏడాదైనా నిండకుండానే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు. ఆయన పద్ధతులను పాఠాలుగా మార్చి, ఏటా కొత్త కోచ్‌లకు నేర్పే పీఠంలో ఆయన్ని కూర్చోబెట్టే వ్యవధి దేశానికి దొరకలేదు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం తెచ్చిన జట్టుకు ఇంగ్లండ్ నుంచి వచ్చిన హ్యారీ రైట్ కోచ్. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కోచ్ జి.ఎం.హెచ్. బాషా. అందులో ముందుండి ఆడిన నయీముద్దీన్ హైదరాబాద్ వారే. నయీముద్దీన్‌కు తర్వాత 1990లో కోచ్‌గా ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు పతకమే లేదు. అంటే ప్రతిభ ఒక తరానికి గెలుపు ఇచ్చింది, నగరపు లీగు ఇంకో తరానికి కొంత తేమ మిగిల్చింది, ఆ పైన బావి ఎండిపోయింది. బజ్బీ, స్టీన్ తర్వాత వారి కుర్చీలు ఖాళీగా లేవు. ఎవరో ఒకరు మంచో చెడో కూర్చుని పని నడిపారు. కొలువు చేసే మేలు అదే. గొప్పవాణ్ణి పుట్టిస్తానని అది హామీ ఇవ్వదు. గొప్పవాడు పోయిన మరునాడు కూడా పని ఆగకుండా చూస్తుంది.

ఇప్పుడు బొగ్గుబెల్టు వైపు రావాలి. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు దక్కాయి, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో మెజారిటీ వాటా కొనేసింది. ఈ చివరి సంగతి మన వాదనకు ముఖ్యం. రహీం పోలీసు జట్టును చేపట్టిన 1950లో ఆ ఆటగాళ్లకు జీతాలిచ్చే హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వమే బొగ్గు కంపెనీలో పెద్ద వాటాదారు కూడా. ఒకే యజమాని ఒక శాఖలో ఫుట్‌బాల్ జట్టును కొలువుగా నడిపి, ఇంకో సంస్థలో దాన్ని కార్మికుల కాలక్షేపంగా చూశాడు. కాబట్టి డబ్బు లేకనో, ఆట మీద చిన్నచూపు ఉండో అలా జరిగిందనుకోలేం. పోలీసుకు జట్టు గెలుపు శాఖ పరువుగా కనిపించింది. బొగ్గు కంపెనీకి పరువు టన్నుల్లో ఉంది. ఆట సంక్షేమం పద్దులోకి వెళ్లింది. కాలనీ, ఆసుపత్రి, బడి, మైదానం అన్నీ ఒకే వరుసలో వచ్చిన సదుపాయాలు. రామగుండం ప్రాంతంలో గనులు 1960 ప్రాంతంలో మొదలయ్యే నాటికి ఈ పద్ధతి స్థిరపడిపోయింది. కాజీపేట-బల్లార్షా రైలుమార్గం మీద చిన్న స్టేషనుగా ఉన్న చోటు పక్కనే, బొగ్గుకోసమే పుట్టి, పేరులోనే ఖనిని పెట్టుకున్న గోదావరిఖని లేచింది. ఆ తర్వాత ఎరువుల కర్మాగారం, ఎన్‌టీపీసీ వచ్చాయి. ఊరు కొత్తది, జనం నలుమూలల నుంచి వచ్చినవారు, ఆడుకోవడానికి చోటు ఉంది. కోచ్ పుట్టడానికి నేల సిద్ధంగానే ఉంది.

ఆ నేల మీద ఏం మొలిచిందో చూడాలి. సింగరేణిలో ఆటలను చూసుకునేది వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్. గనుల వారీగా, ఏరియాల వారీగా, ఆపైన కంపెనీ స్థాయిలో పోటీలు జరుగుతాయి; అక్కడ ఎంపికైనవారు కోల్ ఇండియా అంతర్ కంపెనీల పోటీలకు వెళతారు. ఫుట్‌బాల్, వాలీబాల్, కబడ్డీ, అథ్లెటిక్స్ అన్నిటికీ ఇదే వరుస. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, బెల్లంపల్లిలో తిలక్ స్టేడియం, కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం ఉన్నాయి. చాలా జిల్లా కేంద్రాలకు దక్కని మైదానాలు ఈ బొగ్గు ఊళ్లకు దక్కాయి. కంపెనీని తప్పుపట్టడానికి ఇక్కడ చోటు లేదు. కానీ పదవుల పేర్లు వింటే అసలు సంగతి బయటపడుతుంది. సంఘానికి ఉండేది గౌరవ కార్యదర్శి. మైదానాల్లో ఉండేది స్పోర్ట్స్ సూపర్‌వైజర్. గౌరవం అంటే జీతం ఇంకో పనికి వస్తుందని అర్థం. సూపర్‌వైజర్ అంటే పోటీలు సజావుగా జరిపించేవాడు: సున్నపు గీతలు, నెట్లు, జెర్సీలు, ఎంపికలు, బస్సులు. ఇవన్నీ అవసరమైన పనులే. కానీ ఒక ఆటను పట్టుకుని, ఒక జట్టును పట్టుకుని, ఏడాది పొడుగునా కూర్చునే మనిషి స్థానం ఈ వరుసలో కనబడదు. పోటీ మస్టర్‌లో ఉంది, శిక్షణ లేదు. స్టేడియాలకు పెట్టిన పేర్లు కూడా నాయకులవే. ఒక్కటీ ఆట నేర్పినవారిది కాదు.

గనిపని చేసి వచ్చినవాడికి ఆడే ఓపిక ఎక్కడిదని కొందరు అడుగుతారు. ఎనిమిది గంటలు ఉక్కపోతలో, బురదలో గడిపి పైకి వచ్చాక బంతి వెనక పరుగెత్తమనడం దయలేని మాటే. కానీ స్టీన్ చేసింది సరిగ్గా అదే. గనిలో పనిచేస్తూనే 1942 నుంచి ఆల్బియన్ రోవర్స్‌కు ఆడుతూ, 1950 దాకా బాయిని వదల్లేదు. ఇక్కడి కార్మికులూ ఓపిక లేక ఆగిపోయినవారు కాదు. ఏటా కంపెనీ పోటీలు నిండుగా జరగడమే దానికి రుజువు. అలసట కంటే పెద్ద అడ్డంకి షిఫ్టు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అని పనివేళలు మారుతూ పోతుంటే, ఒక జట్టులోని పదకొండు మంది ఒకే సాయంత్రం ఒకే మైదానంలో ఉండటం గగనం. గోల్‌కీపర్ బాయిలో ఉన్నప్పుడు సెంటర్ ఫార్వర్డ్ నిద్రలో ఉంటాడు. విడివిడిగా ఎంత మంచి ఆటగాళ్లైనా జట్టుగా కుదరాలంటే వేళ ఒకటి కావాలి. అక్కడ స్టీన్‌కు, షాంక్లీకి, బజ్బీకి దొరికినది బాయి నుంచి బయటికి ఒక దారి. క్లబ్బు జీతం ఇచ్చి తీసుకుంది, ఆటగాడిగా కాలం తీరాక మేనేజరు కుర్చీ ఎదురుగా ఉంది. స్టీన్ 1957లో సెల్టిక్ రెండో జట్టుకు కోచ్ అయి, 1960లో డన్‌ఫర్మ్‌లిన్ మేనేజరై, 1965లో సెల్టిక్‌కే మేనేజరుగా తిరిగి వచ్చారు. ఒక్కో మెట్టూ లెక్కపెట్టవచ్చు. సింగరేణి ఆటగాడికి ముందున్న దారి వేరు. ఆట వల్ల పేరు వచ్చినా, జీతం పెరిగేది బాయి పనిలోని మెట్ల వెంటే.

క్లబ్బులు లేని చోట ఆ మెట్లు కళాశాలలు కట్టగలవా? అమెరికా అందుకు ఉదాహరణ. ఫుట్‌బాల్ అక్కడ ప్రజల ఆట కాదు. వాళ్లు దాన్ని సాకర్ అనే పక్కపేరుతో పిలుస్తారు. అయినా కళాశాలల జాతీయ పోటీ 1959లో మొదలైంది. 1963లో జెర్రీ యీగ్లీ ఇండియానా విశ్వవిద్యాలయానికి వెళ్లేసరికి అక్కడ ఉన్నది విద్యార్థులు సొంతంగా నడుపుకునే క్లబ్బు జట్టు మాత్రమే. దానికి విశ్వవిద్యాలయపు అధికారిక జట్టు హోదా రావడానికి పదేళ్లు పట్టింది. 1973 తర్వాత మూడు దశాబ్దాల్లో ఆ జట్టు ఆరుసార్లు జాతీయ విజేత అయింది. చివరిది 2003లో, ఆయన పదవీ విరమణ చేసిన ఏడాదే. 2010 నుంచి ఆయన కుమారుడు టాడ్ అదే జట్టుకు కోచ్. ఆన్సన్ డోరెన్స్ 1979 నుంచి 2024 దాకా నార్త్ కరొలైనా మహిళల జట్టును నడిపారు. యీగ్లీ మొదట్లో గొప్ప ఆటగాళ్లను పట్టుకుని మొదలుపెట్టలేదు. ఆయనకు దొరికింది కదలని కుర్చీ, ఏటా వచ్చే కొత్త విద్యార్థులు, ఖాయంగా జరిగే పోటీల పట్టిక. మన కళాశాలలో దానికి దగ్గరగా ఉండే మనిషి పీడీ, అంటే ఫిజికల్ డైరెక్టర్. ఆయనకు జీతం ఉంది, పదవి ఉంది. కానీ కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, క్రికెట్, పరుగులు, క్రమశిక్షణ, ఆగస్టు 15 కవాతు అన్నీ ఆ ఒక్కరి నెత్తి మీదే. అంతర్ కళాశాలల పోటీకి జట్టును పంపడం, అక్కడి నుంచి విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపిక, నాలుగు రోజుల క్యాంపు, జోన్ పోటీ, ఇంటికి. ఏడాదిలో ఫుట్‌బాల్‌కు పడే వాటా వారాల్లో ఉంటుంది, నెలల్లో కాదు. కాబట్టి కళాశాల ఫుట్‌బాల్ కోచ్ అనే వృత్తి మన దగ్గర ఓడిపోయిందనడం సరికాదు. అది ఇంకా మొదలే కాలేదు.

క్రికెట్ వచ్చి అంతా మింగేసిందని ఇంకో వాదన. 1983 ప్రపంచ కప్పు తర్వాత ఊరూరా వికెట్లు పాతుకున్నాయన్నది నిజం. గోదావరిఖని కాలనీలూ అందుకు మినహాయింపు కాదు. కానీ తేదీలు ఈ వాదనకు ఒప్పుకోవు. హైదరాబాద్ వారసత్వంతో ఆడిన ఆంధ్ర పోలీసు జట్టు 1961లో డ్యూరాండ్ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరు మీద సంతోష్ ట్రోఫీ దక్కింది ఒక్కసారే, 1965-66లో. 1983 వచ్చేనాటికే మన ఫుట్‌బాల్ చాలా మెట్లు దిగిపోయింది. క్రికెట్ ఖాళీ ఇంట్లోకి వచ్చింది; ఇల్లు ఖాళీ చేయించింది అది కాదు. పైగా క్రికెట్ ఎదిగిన తీరే మన వాదనకు సాక్ష్యం. జీతం తీసుకునే కోచ్‌లు, వయసుల వారీ జట్లు, ఏడాది పొడుగునా లీగులు ఉన్న చోట ఆ ఆట ఎదిగింది. అవి లేని బొగ్గు ఊళ్లలో అది కూడా ఎక్కువగా ఆదివారం ఆటగానే మిగిలింది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. 1990ల మొదట్లో సింగరేణిలో 1,10,000 మందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 40,000 దరిదాపుల్లో ఉంది. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్ట్‌లు పెరిగాయి, మనుషుల పని యంత్రాల చేతికి పోయింది. ఉద్యోగాలే కరిగిపోతున్న చోట ఫుట్‌బాల్ కోచ్‌కు కొలువు అడగడం విలాసం కాదా? ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కొడుక్కి డిపెండెంట్ ఉద్యోగం వస్తుందో రాదో తెలియని ఇంట్లో ఆట గురించి మాట్లాడటానికి సంకోచించాలి. అయితే ఇదే సంగతి ఇంకో వైపు కూడా లాగుతుంది. బాయి పని ఇంటిల్లిపాదికీ తరతరాలకూ దొరికినంత కాలం ఆట కాలక్షేపంగా ఉన్నా నష్టం కనబడలేదు. ఇప్పుడు బాయి చూపే దారి ఇరుకైంది. స్కాట్లండ్‌లో షాంక్లీ పుట్టిన గ్లెన్‌బక్ గనులు మూతపడి ఊరే ఖాళీ అయింది. అయినా ఆ పల్లె పేరును నేటికీ బతికిస్తున్నది ఫుట్‌బాలే. మైదానాలు, సింగరేణి పాఠశాలలు, గోదావరిఖనిలోని డిగ్రీ కళాశాల, ఇప్పటికే నడుస్తున్న వార్షిక పోటీలు అన్నీ ఉన్న చోట కొత్తగా కావలసింది ఒకే ఒక్క మార్పు: ఒక ఆటకు ఒక మనిషిని, ఆ పనికే, పదేళ్లకు కుదుర్చుకోవడం. యీగ్లీకి అధికారిక జట్టు రావడానికి పట్టింది పదేళ్లే, రహీం చేతిలో పోలీసు జట్టు ఉన్నది పదమూడేళ్లే. ఇంతకంటే తక్కువ కాలంలో మంచి కోచ్‌ను చూపించమంటే చరిత్ర చేతులెత్తేస్తుంది.

ఈ పాఠం బొగ్గుబెల్టుకు కొత్తది కూడా కాదు. గనిలో సర్దార్ సర్టిఫికెట్ లేనివాడికి ఏ పనిచోటూ అప్పగించరు, చట్టం ఒప్పుకోదు. కొత్తగా చేరినవాడు ముందు శిక్షణ కేంద్రం గడప తొక్కాకే బాయి మొహం చూస్తాడు. పని మొదలయ్యే ముందు సర్దార్ లోపల తిరిగి, కర్రతో కప్పు తట్టి చప్పుడు విని, గ్యాసు పరీక్షించి, చూసింది రిజిస్టర్‌లో రాసి సంతకం పెడతాడు. ఎన్నో చావులు చూశాక రాసుకున్న నియమాలు ఇవి. అనుభవం ఉన్న ప్రతివాడూ కప్పు చప్పుడు పోల్చుకోగలడు కదా, ఇందుకు వేరే మనిషి ఎందుకని గనిలో ఎవరూ అడగరు. అందరూ చూసుకుంటార్లే అన్న పనిని ఎవరూ చూడరని గనికి తెలుసు. నెహ్రూ స్టేడియంలో మాత్రం పదకొండు మంది ముందే దిగుతారు. వారి కంటే ముందు వచ్చి, ఎవరి ఎడమకాలు ఎంత బలహీనంగా ఉందో చూసి, నిన్నటి తప్పు రాసిపెట్టుకుని, రేపటి సంతకానికి మళ్లీ రావలసిన మనిషి పేరు ఇంకా ఏ మస్టర్‌లోకీ ఎక్కలేదు.